ప్లేటు రోలింగ్: అంచులు చదునుగా మిగలకుండా షెల్లు చుట్టడం ఎలా?

చుట్టిన షెల్లు, అంటే ప్లేటును గుండ్రంగా చుట్టి అంచులు అతికిన గొట్టం, బాగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ముందు అతుకు దగ్గర చెయ్యి పెట్టి తడమండి. మిగతా చుట్టంతా ఎంత గుండ్రంగా ఉన్నా, అతుక్కి అటూ ఇటూ జానెడు మేర చదునుగా మిగిలి, రెండంచులు కలిసే చోట కోసుగా లేచిందంటే పని చెడినట్టే. ఆ కోసు సుత్తి దెబ్బలతో పోదు, వెల్డింగుతో అసలే పోదు. లోపల ప్రెషర్ ఎక్కినప్పుడల్లా అక్కడే వంగుతుంది, దిగినప్పుడల్లా అక్కడే వెనక్కి వస్తుంది. పగులు మొదలయ్యేదీ అక్కడే. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ రెండంచుల చుట్టూనే తిరుగుతుంది. నడిమి భాగాన్ని మిషన్ చూసుకుంటుంది. అంచులు మీ బాధ్యత.

మడికొండ, రాంపూర్ వైపు షెడ్డు నడిపేవాళ్లకూ, ఐటీఐలో ఫిట్టరో వెల్డరో చేసి కొత్తగా పనిలో చేరిన పిల్లలకూ ఇది పనికొస్తుందని రాస్తున్నాను. ఉత్తర తెలంగాణలో చుట్టే పనికి కొదవ లేదు. సుల్తానాబాద్, కరీంనగర్ వైపు పారాబాయిల్డ్ రైస్ మిల్లుల్లో వడ్లు నానబెట్టే ట్యాంకులు, పొగ గొట్టాలు, దుమ్ము పట్టే సైక్లోన్లు అన్నీ ప్లేటు చుట్టి చేసినవే. ఊళ్లో తిరిగే నీళ్ల ట్యాంకరూ అంతే. పెద్ద పనులకు వస్తే, రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు కాకతీయ థర్మల్ లాంటి కేంద్రాల్లో కూలింగ్ నీళ్లు పారే పెద్ద పైపులు, బొగ్గు బంకర్ల అడుగున ఉండే కోన్లు, దేవాపూర్, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల్లో తిరిగే కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) షెల్లు, దేవాదుల ఎత్తిపోతలలో గోదావరి నీళ్లను పైకెక్కించే స్టీలు పైపులు, రామగుండం యూరియా ప్లాంటులాంటి చోట్ల ప్రెషర్ వెసెల్సు (లోపల ఒత్తిడిని తట్టుకునే పాత్రలు). వీటిలో మందపాటివి పెద్ద కార్ఖానాల్లో తయారవుతాయి. మన షెడ్లకు వచ్చేవి ఎక్కువగా 5 నుంచి 12 మి.మీ. ప్లేట్లు. మందం ఏదైనా వంగే సూత్రం ఒక్కటే.

మిషన్ ఎలా వంచుతుంది

మన దగ్గర ఎక్కువగా కనిపించేది మూడు రోళ్ల పిరమిడ్ మిషన్. కింద రెండు రోళ్లు, వాటి నడుమ పైన ఒకటి. కింది రెండూ గేర్‌బాక్సు ద్వారా ఒకే దిశలో తిరుగుతూ ప్లేటును ముందుకు, వెనక్కి నడిపిస్తాయి. పై రోలు స్క్రూతోనో హైడ్రాలిక్‌తోనో కిందికి దిగి నొక్కుతుంది. కింద రెండు చోట్ల ఆనిక, పైన ఒకచోట ఒత్తిడి. ఈ మూడు బిందువుల మధ్య ప్లేటు వంగుతుంది. ప్లేటు నడుస్తూ ఉంటే ఆ వంపు పొడవునా పాకుతుంది.

చిక్కంతా చివర్లో వస్తుంది. ప్లేటు అంచు కింది రోలు మీద నుంచి జారిన క్షణాన మూడు ఆనికల్లో ఒకటి పోయింది. ఇక ఆ చివరి ముక్క వంగదు. కింది రోళ్ల సెంటర్ల మధ్య దూరంలో దాదాపు సగం మేర ప్రతి చివరా చదునుగా మిగులుతుంది. సెంటర్ల దూరం 300 మి.మీ. ఉంటే ఒక్కో అంచున 150 మి.మీ. అన్నమాట. ఇది ఆపరేటరు తప్పు కాదు, ఆ మిషన్ కట్టుబడే అంత.

పించ్ రకం మూడు రోళ్ల మిషన్‌లో పై రోలు, ముందరి కింది రోలు కలిసి ప్లేటును కరిచి పట్టుకుంటాయి, వెనక రోలు పైకి లేచి వంచుతుంది. కరిచిన చోటుకు దగ్గర్లోనే వంపు మొదలవుతుంది కాబట్టి చదును చాలా తగ్గుతుంది. కాకపోతే ఒక అంచు అయ్యాక ప్లేటు తీసి, తిప్పి, రెండో అంచు పెట్టాలి. నాలుగు రోళ్ల మిషన్‌లో మధ్యన రెండు రోళ్లు కరిచి పట్టుకుంటే, పక్కన ఉన్న రెండూ చెరో అంచును వంచుతాయి. ప్లేటును తిప్పే పని లేదు. చదును ప్లేటు మందానికి ఒకటి రెండు రెట్లకు మించదు. ఒకే సైజు షెల్లులు రోజూ పదుల్లో చుట్టేవాళ్లకు దాని పెట్టుబడి తిరిగొస్తుంది. ఈరోజు ట్యాంకు, రేపు కోను, ఎల్లుండి పైపు అన్నట్టు పని వచ్చే షెడ్డుకు మాత్రం హైడ్రాలిక్ పించ్ మిషన్ చాలు. పిరమిడ్ ఉంటే దాంతోనూ మంచి షెల్లు తీయొచ్చు. ఎట్లాగో ఇక చూద్దాం. ఉదాహరణకు 1000 మి.మీ. లోపలి వ్యాసం, 1500 మి.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం ఉన్న ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) షెల్లు తీసుకుందాం.

1. ముందు మిషన్ చార్టు చూడండి

మిషన్ మీద 2000 × 10 అని రాసి ఉంటే, అంత వెడల్పున అంత మందం అని అర్థం. మామూలుగా అది 250 ఎం.పీ.ఏ. ఈల్డ్ (వంగితే మళ్లీ పూర్తిగా వెనక్కి రాని ఒత్తిడి హద్దు) ఉన్న మైల్డ్ స్టీలుకు, అంటే మనం వాడే ఐ.ఎస్. 2062 ఈ-250 రకానికి చెప్పిన లెక్క. ప్రీ-బెండింగ్‌కు, అంటే చుట్టే ముందు అంచులు వంచడానికి, చార్టులో వేరే అంకె ఉంటుంది, అది ఇంతకంటే తక్కువ. మీరు చూడాల్సింది ఆ రెండో అంకెనే. ఎందుకంటే అంచు వంచడానికే ఎక్కువ బలం పడుతుంది.

వంచడానికి కావలసిన బలం వెడల్పును బట్టి నేరుగా, మందాన్ని బట్టి వర్గంలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బలం నాలుగింతలు. 10 మి.మీ. నడిచే మిషన్‌లో 12 పెడితే ‘రెండు మి.మీ.లే కదా’ అనిపిస్తుంది గానీ భారం 44 శాతం ఎక్కువ. వెడల్పు సగమైతే లెక్క ప్రకారం 14 మి.మీ. దాకా వెళ్లొచ్చు. కానీ భారమంతా రోలు నడుమనే పడి రోలు వంగుతుంది కాబట్టి చార్టులో ఉంటేనే చేయండి. స్టెయిన్‌లెస్ 304 అయితే వంచేకొద్దీ గట్టిపడుతుంది, దానికి సామర్థ్యం తగ్గించి లెక్కేయాలి. చుట్టగల కనీస వ్యాసం పై రోలు వ్యాసం కంటే ఎప్పుడూ ఎక్కువే. మిషన్‌ను బట్టి 1.1 నుంచి 1.5 రెట్లు.

ఎదుటివాళ్లు ప్లేటు మందం సూతుల్లో (అంగుళంలో ఎనిమిదో వంతు లెక్కన) చెబితే ఒప్పుకోవద్దు. వెర్నియర్ పెట్టి మి.మీ.లో మీరే కొలవండి.

2. పొడవు లెక్క

వంగేటప్పుడు ప్లేటు లోపలి ముఖం కుదించుకుపోతుంది, బయటి ముఖం సాగుతుంది. మధ్యలో ఉన్న పొర పొడవు మారదు. కాబట్టి కొలవాల్సింది మధ్య వ్యాసం మీద: లోపలి వ్యాసానికి ఒక మందం కలిపి 3.1416తో గుణించాలి.

(1000 + 10) × 3.1416 = 3173 మి.మీ.

బయటి వ్యాసం మీద కొలిస్తే 31 మి.మీ. పొడవు ఎక్కువై, షెల్లు వ్యాసం 10 మి.మీ. పెరుగుతుంది. డిష్ ఎండ్ (షెల్లు మూతికి అతికే గిన్నె ఆకారపు మూత) బయట కొని తెచ్చి పెట్టేవాళ్లయితే ముందు ఆ డిష్ చుట్టుకొలత టేపుతో కొలిచి, దానికి సరిపోయేలా షెల్లు పొడవు తేల్చుకోండి. డ్రాయింగులో ఉన్న అంకె కంటే చేతికొచ్చిన డిష్ కొలతే మీకు ముఖ్యం. వెల్డింగ్ గ్యాపు ఎంత వదలాలో కూడా ఇప్పుడే నిర్ణయించి ఆ మేరకు తగ్గించండి. బరువు కూడా వేసుకోండి. చదరపు మీటరుకు ఒక్కో మి.మీ. మందానికి 7.85 కిలోలు. మన ప్లేటు దాదాపు 374 కిలోలు, అంటే చైన్ బ్లాకో క్రేనో లేకుండా ముట్టుకోకూడదు.

3. కోత, మూలమట్టం

ప్లేటును కోశాక రెండు కర్ణాలూ కొలవండి. మన సైజుకు రెండూ 3510 మి.మీ. దగ్గర రావాలి, ముఖ్యంగా రెండూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే చుట్టాక అంచులు ఒకదానికొకటి ఎదురు పడవు, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతాయి. గ్యాస్‌తో కోసిన అంచుల మీద గట్టిపడ్డ పొర, గాట్లు ఉంటాయి. వాటిని గ్రైండర్‌తో నున్నగా చేయండి, లేదంటే బయటి ముఖం సాగేటప్పుడు ఆ గాటు నుంచే చీలుతుంది. ఊడిపోయే పొట్టును వైర్ బ్రష్‌తో తీసేయండి. అది రోళ్ల కింద పడితే ప్లేటు మీదా రోలు మీదా గుంటలు పడతాయి. మిల్లులో ప్లేటు సాగిన దిశ షెల్లు చుట్టూ వచ్చేలా కోత వేసుకోవడం మంచిది, మందపాటి ప్లేట్లకు మరీ ముఖ్యం.

4. అంచులు వంచడం

తొందరపడకూడని మెట్టు ఇదే. ముందు టెంప్లేటు (వంపు సరిచూసే రేకు అచ్చు) చేసుకోండి. 3 మి.మీ. రేకు మీద 500 మి.మీ. వ్యాసార్ధంతో చాపం గీసి కోయండి. చాపం చివరల మధ్య తిన్నని దూరం 300 మి.మీ. పెట్టుకుంటే నడిమి ఎత్తు 23 మి.మీ. రావాలి. ఈ ఒక్క కొలతతో టెంప్లేటు సరిగా ఉందో లేదో తేల్చుకోవచ్చు. దాన్ని ప్లేటు లోపలి ముఖానికి ఆనించి వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో చూడాలి.

పించ్ మిషన్ ఉంటే అంచును పై రోలు సెంటరు దగ్గరికి తెచ్చి, కరిచిపట్టి, వెనక రోలును కొంచెం కొంచెంగా లేపండి. జానెడు మేర టెంప్లేటుకు కలిశాక ప్లేటు తిప్పి రెండో అంచు పెట్టండి.

పిరమిడ్ మాత్రమే ఉంటే మూడు దారులున్నాయి. మొదటిది ప్రెస్ బ్రేకు, అంటే ప్లేటును పై నుంచి నొక్కి వంచే ప్రెస్. అంచు నుంచి మొదలుపెట్టి 20, 25 మి.మీ.కు ఒక గీత చాక్‌పీసుతో గీసి, ఒక్కో గీత మీద చిన్నచిన్న దెబ్బలు. ఒకే చోట గట్టిగా నొక్కితే మడత పడుతుంది, ఆ మడత తర్వాత రోలులో పోదు. రెండోది, రెండు చివర్లా ప్లేటు ఎక్కువ వదిలి, చుట్టాక ఆ చదును ముక్కలు కోసేయడం. మన ఉదాహరణలో 150 చొప్పున రెండు వైపులా అంటే 35 కిలోల ప్లేటు తుక్కు కింద పోతుంది. ఒక్క షెల్లుకైతే సరే, పది షెల్లులకు తగదు. మూడోది బెడ్ ప్లేటు. చుట్టబోయే దానికి రెట్టింపు మందమున్న ప్లేటును ముందే కావలసిన వంపుకు చుట్టి ఉంచుకుని, దాని మీద పని ప్లేటు అంచు పెట్టి రోళ్లలో నడపడం. కింది రోలు ఆనిక పోయినా బెడ్ ప్లేటు ఆ అంచును మోస్తుంది. ఒకసారి చేసుకుంటే ఆ సైజు పనులన్నిటికీ వస్తుంది. కానీ రోళ్ల మధ్య రెండు ప్లేట్ల భారమూ పడుతుంది కాబట్టి మిషన్ సామర్థ్యంలో మూడో వంతు, నాలుగో వంతు పనులకే పెట్టుకోండి.

పాత పైపు మీద పెట్టి సుత్తితో కొట్టే పద్ధతి 3, 4 మి.మీ. రేకుకు నడుస్తుంది. 10 మి.మీ. ప్లేటును అట్లా కొడితే గాట్లు తప్ప వంపు రాదు.

5. ప్లేటు పెట్టడం, నడపడం

ప్లేటు అంచు రోలుకు సమాంతరంగా ఉందో లేదో రెండు చివర్లా కొలిచి చూడండి. కింది రోళ్ల మీద పొడవునా చెక్కిన సన్నని గాడి ఉంటే అంచును దానికి సరిపెట్టడం తేలిక. పై రోలు రెండు చివర్లా సమానంగా దిగిందో లేదో కూడా చూడాలి. ఒక చివర ఎక్కువ దిగితే షెల్లు ఒక మూతి వెడల్పుగా, ఒక మూతి ఇరుకుగా వస్తుంది.

పై రోలు ప్లేటును తాకిన చోటును సున్నాగా గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి ఎంత దించాలో అంచనాకు ఒక లెక్కుంది. కింది రోళ్ల సెంటర్ల దూరంలో సగాన్ని వర్గం చేసి, దాన్ని షెల్లు బయటి వ్యాసార్ధం, కింది రోలు వ్యాసార్ధం కలిపిన మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. సగం దూరం 150, రోలు వ్యాసార్ధం 100 అనుకుంటే మన 510 వ్యాసార్ధానికి దాదాపు 18.4 మి.మీ. వస్తుంది.

అంతే దించితే మాత్రం షెల్లు కలవదు. స్టీలు వెనక్కి లాగుతుంది. రోళ్ల కింద ఉన్నంతసేపు ఒక వంపు, దాటగానే అంతకంటే తక్కువ వంపు. 250 ఈల్డ్ ఉన్న 10 మి.మీ. ప్లేటు చివరికి 1 మీటరు వ్యాసానికి నిలబడాలంటే రోళ్ల కింద ఉన్న ముక్క దాదాపు 84 సెం.మీ. వ్యాసానికి వంగాలి. ఆ వంపుకు రోలు దాదాపు 21 మి.మీ. దిగాలి. ముందు వచ్చిన అంకెకూ దీనికీ తేడా దాదాపు మూడు మి.మీ. మాత్రమే. స్క్రూలో ఆ మూడు మి.మీ.లే వ్యాసంలో 16 సెం.మీ. ఆపరేటరు అరచుట్టు కూడా ఆలోచించి తిప్పేది అందుకే.

అదే ప్లేటును 3 మీటర్ల వ్యాసానికి చుట్టాలంటే రోళ్ల కింద 1.94 మీటర్ల దాకా వంచాలి. పెద్ద వ్యాసం, పల్చటి ప్లేటు అయితే పని సులువనుకుంటారు కానీ వెనక్కి లాగడం అక్కడే ఎక్కువ. మీ ప్లేటు అసలు ఈల్డ్ టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉంటుంది, సాధారణంగా 250 కంటే ఎక్కువే కాబట్టి లాగడమూ ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

కాబట్టి మొదట లెక్కలో మూడింట రెండొంతులు దించి ఒక చివర నుంచి ఇంకో చివరకు నడపండి. టెంప్లేటు పెట్టండి. తర్వాత 2 మి.మీ. చొప్పున, దగ్గరపడ్డాక 1 మి.మీ. చొప్పున, చివర్లో అర మి.మీ. చొప్పున దించుతూ నడపండి. ప్రతి నడకకూ ఎంత దించారో చాక్‌పీసుతో మిషన్ మీదే రాసి పెట్టుకోండి. రెండో షెల్లుకు ఆ రాతే మీకు గురువు. తక్కువ వంగితే మళ్లీ వంచొచ్చు. ఎక్కువ వంగిందాన్ని విప్పడం చాలా కష్టం.

పెద్ద షెల్లు సగం చుట్టుకున్నాక పైకి లేచిన భాగం సొంత బరువుకే వాలుతుంది, వంపు చెడుతుంది. క్రేనుతో పైనుంచి పట్టుకోండి, పక్కన ఆనిక పెట్టండి.

6. కలపడం, వెల్డింగ్, మళ్లీ రోలింగ్

అంచులు దగ్గరికి వచ్చాక షెల్లు మిషన్‌లో ఉండగానే రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూసి ట్యాకులు (అక్కడక్కడ చిన్న వెల్డింగు చుక్కలు) వేయండి. ఎర్త్ క్లాంపు షెల్లుకే పెట్టండి. మిషన్ బాడీకి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. తర్వాత పై రోలు ఒక చివర బేరింగు బ్లాకు వంచి, షెల్లును పక్కకు లాగి తీయాలి.

నిలువు అతుకు పూర్తిగా వెల్డింగ్ అయ్యాక షెల్లు మళ్లీ కాస్త వంకర పోతుంది. లోపలా బయటా వెల్డింగ్ ఉబ్బును గ్రైండ్ చేసి, షెల్లును మళ్లీ మిషన్‌లోకి ఎక్కించి రెండు మూడు చుట్లు తిప్పండి. మొదట అంచులు సరిగా వంచి ఉంటే ఈ తిప్పుడుతో చక్కటి గుండ్రం వస్తుంది. వంచకపోతే ఎన్ని చుట్లు తిప్పినా కోసు అట్లాగే ఉంటుంది, పైగా వెల్డింగు అలిసిపోతుంది.

ఇప్పుడు లోపలి వ్యాసం నాలుగైదు దిక్కుల్లో కొలవండి. ఏ.ఎస్.ఎం.ఈ. (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) ప్రెషర్ వెసెల్ కోడు ఎనిమిదో సెక్షన్ ప్రకారం లోపలి ప్రెషర్ పడే షెల్లుకు అత్యధిక, అత్యల్ప వ్యాసాల తేడా అసలు వ్యాసంలో 1 శాతం మించకూడదు. మనకు 10 మి.మీ. మామూలు నీళ్ల ట్యాంకుకు కోడు అడ్డురాదు గానీ, మీ షెడ్డులో అన్ని షెల్లులకూ అదే హద్దు పెట్టుకుంటే డిష్ అతికేటప్పుడు గొడవ ఉండదు.

చల్లగా వంచేటప్పుడు సాగుదల కూడా చూసుకోవాలి. మందాన్ని మధ్య వ్యాసంతో భాగిస్తే వస్తుంది. మనది 1 శాతమే. 40 మి.మీ. ప్లేటును 600 వ్యాసానికి చుడితే 6 శాతం దాటుతుంది. 5 శాతం మించితే ప్లేటు రకాన్ని, మందాన్ని, పనిని బట్టి కోడు హీట్ ట్రీట్‌మెంట్ అడుగుతుంది. రైస్ మిల్లు వాళ్లు నానబెట్టే ట్యాంకుతోపాటు ‘బాయిలర్ షెల్లు కూడా నువ్వే చుట్టు’ అంటే ఒప్పుకోకండి. ఐ.బి.ఆర్. (భారత బాయిలర్ నిబంధనలు) కిందికి వచ్చే పనికి అనుమతి ఉన్న తయారీదారు, పరీక్షించిన ప్లేటు, తనిఖీ అన్నీ ఉండాలి. అది ప్రాణాలతో ముడిపడ్డ పని.

కోను చుట్టాలంటే

సైక్లోను అడుగు, బంకరు మూతి లాంటివాటికి ప్లేటు దీర్ఘచతురస్రంగా కాక వలయపు ముక్కగా కోయాలి. పెద్ద మూతి 1200, చిన్న మూతి 600, ఎత్తు 800 అయితే వాలు పొడవు 854 మి.మీ., బయటి చాపం వ్యాసార్ధం 1709, లోపలిది 854, కోణం 126.4 డిగ్రీలు. ఈ అంకెలు కూడా మధ్య మందం కొలతల మీదే. రోళ్లలో ఒకదాన్ని ఏటవాలుగా పెట్టి, చిన్న మూతి వైపు ఎక్కువ వంచాలి. ఆ వైపు పొడవు తక్కువ కాబట్టి అది మెల్లగా నడవాలి. అందుకే చిన్న మూతి అంచును మిషన్ పక్కన ఉండే స్టాపరుకు రుద్దుకునేలా ఆపుతూ నడుపుతారు. సులువుగా రాదు, మధ్యమధ్య ఆపి సరిపెట్టుకుంటూ పోవాలి.

తప్పు కనిపిస్తే

షెల్లు నడుమ లావుగా, మూతుల దగ్గర సన్నగా వచ్చిందంటే భారానికి రోళ్లు నడుమ వంగాయని అర్థం. నడుమ సన్నని రేకు ముక్క ప్యాకింగ్ పెట్టి నడపండి, ఆ మిషన్‌లో అంత మందం ప్లేటు పెట్టడం మానండి. దీనికి తిరగబడి నడుమ సన్నగా వస్తే, మందపాటి పనికోసం నడుమ ఉబ్బు పెట్టి చేసిన రోలులో పల్చటి రేకు చుడుతున్నారన్నమాట. అంచులు మెలితిరిగి ఎదురు పడకపోతే ప్లేటు మూలమట్టంగా పెట్టలేదు, లేదా కర్ణాలు సమానంగా లేవు.

చేతులు, బట్టలు

తిరిగే రోళ్లు చెరకు రసం బండిలో గడ పోయినట్టే చేతిని లాగేస్తాయి. వేగం తక్కువ కదా అని ధీమా పడొద్దు, మెల్లగా తిరిగే రోలుకూ బలం అంతే. ప్లేటు మోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. రోళ్లు తిరిగేటప్పుడు వాటి దగ్గర గ్లవ్స్, మెడలో తువ్వాల, లుంగీ, వదులు చేతుల చొక్కా ఏదీ ఉండకూడదు. అడుగు తీస్తే ఆగిపోయే పెడలు, మిషన్ పొడవునా లాగితే ఆగే తాడు రెండూ పని చేస్తున్నాయో లేదో రోజూ పని మొదలుపెట్టే ముందు చూడండి. పెడలు తొక్కేది ఒక్కరే, మాట చెప్పేదీ ఒక్కరే. హెల్పరు ‘ఆపన్నా’ అంటే మాత్రం ఎవరు చెప్పారని చూడకుండా ఆపాలి.

షెల్లు లారీ ఎక్కే ముందు లోపల రెండు మూతుల దగ్గరా ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ ముక్కలతో అడ్డదిడ్డంగా సపోర్టులు ట్యాక్ చేయండి. పల్చటి షెల్లు పడుకోబెడితే సొంత బరువుకే గుడ్డుగా నొక్కుకుపోతుంది. నిలువు అతుకు కింద నేలకు ఆనకుండా పక్కకు వచ్చేలా పడుకోబెట్టి, రెండు వైపులా చెక్క ఆనికలు పెట్టి, గొలుసు కాక బెల్టుతో కట్టండి. డిష్ ఎండ్ బిగించేదాకా ఆ సపోర్టులు తీయొద్దు.